కడపా, పుదుచ్చేరా? ఎం.ఎస్సీ. జియాలజీకి రెండు చోట్లా సీటు వచ్చినప్పుడు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది జమ్మలమడుగు. బి.ఎస్సీ.లో జియాలజీ ఒక సబ్జెక్టుగా చదివారు. ఏపీ పీజీసెట్ ద్వారా కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. జియాలజీ సీటు, సీయూఈటీ పీజీ ద్వారా పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. అప్లైడ్ జియాలజీ సీటు వచ్చాయి. నాన్నగారు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తున్నారు, తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. కేంద్ర ప్రభుత్వంలో జియాలజిస్టు కావాలన్నది మీ కోరిక. రాళ్లన్నీ మన జిల్లాలోనే ఉండగా అంత దూరం ఎందుకని ఇంట్లో అంటున్నారు, సెంట్రల్ యూనివర్సిటీ సీటు ఎవరైనా వదులుకుంటారా అని మీ లెక్చరర్లు అంటున్నారు.

నా సమాధానం: పుదుచ్చేరికి వెళ్లండి. అయితే దీనికి ఒక షరతు ఉంది. ఈ రెండేళ్ల చదువు కోసం మీ నాన్నగారు బయట నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవలసి వస్తే మాత్రం వెళ్లవద్దు. అప్పుడు వేమన విశ్వవిద్యాలయంలోనే చేరి, నేను కింద చెప్పబోయే పద్ధతిలో చదవండి. ఈ రెండింటిలో మీకు ఏది వర్తిస్తుందో ర్యాంకుల పట్టికలు చెప్పలేవు, మీ ఇంటి లెక్కే చెప్పాలి.

నేను ఖనిజాన్వేషణలో పనిచేసి రిటైరయ్యాను. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల కొండల్లోనే గడిచింది. కొత్తగా చేరిన జియాలజిస్టులకు ఫీల్డులో పని నేర్పించాను, కొన్ని ఇంటర్వ్యూలలో ప్రశ్నలు అడిగే వైపు కూర్చున్నాను. కాబట్టి ఎక్కడ చదివినవారికి ఏది వస్తుంది, ఏది రాదు అన్నది కొంత దగ్గరగా చూశాను. ఇక్కడ చెప్పేదంతా జియాలజీకి సంబంధించినది. కంప్యూటర్ సైన్సుకో కామర్సుకో ఇదే సలహాను యథాతథంగా తీసుకోకండి.

ముందుగా మీ ఇంట్లోవారి మాట గురించి చెబుతాను, ఎందుకంటే అది తేలికగా తీసిపారేయదగినది కాదు. కడప బేసిన్ సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర నెలవంక ఆకారంలో పరచుకున్న ప్రాచీన అవక్షేప శిలల ప్రాంతం. 1872లో విలియం కింగ్ దీనిపై జియలాజికల్ సర్వేకు గ్రంథం రాసిన నాటి నుంచి దేశంలోని ప్రతి జియాలజీ విద్యార్థీ మన ఊళ్ల పేర్లు బట్టీపడుతూనే ఉన్నాడు. గువ్వలచెరువు క్వార్ట్‌జైట్, వేంపల్లె డోలమైట్, తాడిపత్రి షేల్, గండికోట క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్: ఇవి ఢిల్లీలో చదివేవారికి పరీక్ష ప్రశ్నలు, మీకు బస్సు స్టాపులు. వేంపల్లె డోలమైట్‌లో స్ట్రోమటోలైట్లు (ప్రాచీన సూక్ష్మజీవులు పొరలు పొరలుగా మిగిల్చిన శిలాజాలు) కంటికి కనిపిస్తాయి, ఆ శిలల్లోనే తుమ్మలపల్లె యురేనియం ఉంది, పులివెందుల రాతినార (ఆస్బెస్టాస్) కూడా ఆ శిలలదే. మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) ప్రపంచంలోని అతిపెద్ద నిక్షేపాల్లో ఒకటి. బెలుం గుహలు నార్జి సున్నపురాయిలో ఏర్పడ్డాయి. అటు అనంతపురం వైపు వెళితే వజ్రకరూరు కింబర్లైట్లు (వజ్రాలు ఉండే శిలలు), రామగిరి బంగారు గనుల ప్రాంతం ఉన్నాయి. ఇంత సంపద ఇంటి గడప దగ్గర ఉన్న విద్యార్థులు దేశంలో ఎక్కువమంది ఉండరు. కాబట్టి వేమన విశ్వవిద్యాలయంలో చేరడమంటే తక్కువదానితో సరిపెట్టుకోవడమని మీరు ఒక్క క్షణం కూడా అనుకోవలసిన పని లేదు.

అయినా పుదుచ్చేరి అని ఎందుకు అంటున్నానంటే, ఈ రాళ్లు మీకు ఎలాగూ దక్కుతాయి. దసరాకో సంక్రాంతికో ఇంటికి వచ్చినప్పుడు సుత్తి, కంపాస్ తీసుకుని గండికోటకు వెళ్లకుండా మిమ్మల్ని ఆపేవారు లేరు. డిసర్టేషన్‌కు (పరిశోధనా ప్రాజెక్టుకు) కడప బేసిన్‌నే ఎంచుకోవచ్చు. స్థలం తెలిసిన విద్యార్థిని, వసతి ఖర్చు లేకుండా ఇంటి నుంచే ఫీల్డు చేసుకోగల విద్యార్థిని అలాంటి అంశం అడిగితే ఏ గైడైనా సంతోషిస్తారు. ఇక్కడే ఉండిపోతే మాత్రం, మన దగ్గర లేని రాళ్లను చూసే అవకాశం మీకు చాలా తగ్గిపోతుంది.

ఇది కొంచెం వివరంగా చెప్పవలసిన విషయం. కడప బేసిన్ శిలలు ప్రోటెరోజోయిక్ కాలానివి, అంటే గవ్వలూ ఎముకలూ ఉన్న జీవులు పుట్టకముందివి. స్ట్రోమటోలైట్లు తప్ప మన విద్యార్థికి చేతిలోకి తీసుకుని చూడదగిన శిలాజం ఇక్కడ దాదాపు దొరకదు. అందుకే మన ప్రాంతం నుంచి వచ్చిన అభ్యర్థులు పేలియంటాలజీ (శిలాజ శాస్త్రం) ప్రశ్న రాగానే తడబడటం నేను పదేపదే చూశాను. వారు బొమ్మలు చూసి చదివారు, వస్తువును చూడలేదు. పుదుచ్చేరి నుంచి కొన్ని గంటల ప్రయాణంలో ఉన్న అరియలూరు ప్రాంతం క్రెటేషియస్ (డైనోసార్ల చివరి యుగం) నాటి సముద్ర శిలలకు పేరుపొందింది, అక్కడ అమ్మోనైట్లు (అంతరించిపోయిన సముద్రజీవుల శిలాజాలు) దొరుకుతాయి. పుదుచ్చేరికి దగ్గరలోనే తిరువక్కరైలో శిలాజ వృక్షాల పార్కు ఉంది. నైవేలి లిగ్నైట్ గనులు పక్క జిల్లాలోనివి. కావేరి బేసిన్‌లో చమురు, సహజవాయువుల పని జరుగుతోంది. చెన్నైలోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గరి చార్నొకైట్‌ను చూస్తే, అధిక ఉష్ణోగ్రతలో రూపాంతరం చెందిన శిల ఎలా ఉంటుందో ఒక్కరోజులో తెలుస్తుంది. ఇక విశ్వవిద్యాలయం ఉన్న కాలాపేట సముద్రపు ఒడ్డునే ఉంది. తీరం కోతకు గురికావడం, భూగర్భ జలాల్లోకి ఉప్పునీరు చొరబడటం అక్కడ పాఠ్యపుస్తకంలోని అధ్యాయాలుగా మిగిలిపోవు.

ఇంట్లో కడప బేసిన్, చదువులో కావేరి బేసిన్, రెండూ చేతికి తెలిసిన జియాలజిస్టు ఎలా ఉంటాడో నాకు తెలుసు. నా దగ్గర శిక్షణకు వచ్చినవారిలో ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. ఆమె ఎం.ఎస్సీ. రాష్ట్రం బయట చేసింది. డ్రిల్లింగ్‌లో వచ్చిన ఒక కోర్ ముక్కను (భూమి లోపలి నుంచి తీసిన రాతి కడ్డీ ముక్కను) అందరూ మామూలు షేల్ అని పక్కన పెడితే, ఆమె మాత్రం అందులోని సన్నని పొరలను చూపించి, ఇవి అల, పోటుల ప్రభావంతో ఏర్పడే పొరల్లా ఉన్నాయని, తాను తీరంలో ఇలాంటివి తవ్వి చూశానని చెప్పింది. ఆ తర్వాత ఆ బోరు రికార్డును మేము తిరిగి రాశాము. ఆ చూపు మార్కుల వల్ల వచ్చింది కాదు, రెండు రకాల నేలల మీద నడిచినందువల్ల వచ్చింది.

రెండో కారణం మీ లక్ష్యం. జియలాజికల్ సర్వేలో జియాలజిస్టు, కేంద్ర భూగర్భ జల బోర్డులో హైడ్రోజియాలజిస్టు ఉద్యోగాలకు యూపీఎస్సీ ఏటా కంబైన్డ్ జియోసైంటిస్ట్ పరీక్ష నిర్వహిస్తుంది. ప్రిలిమ్స్‌కు 400 మార్కులు, మెయిన్స్‌లో మూడు పేపర్లకు 600, ఇంటర్వ్యూకు 200. ప్రిలిమ్స్‌లో జనరల్ స్టడీస్ 100 మార్కులే, మిగిలినదంతా సబ్జెక్టే. మెయిన్స్ వ్యాసరూపంలో, ఇంగ్లీషులో రాయాలి. దీనితోపాటు గేట్, సీఎస్ఐఆర్ నెట్ ఎర్త్ సైన్సెస్ ఉన్నాయి. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు ₹37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయవచ్చు. ఈ పరీక్షలకు పుస్తకాలు ఎక్కడైనా ఒక్కటే. తేడా ఎక్కడ వస్తుందంటే, హాస్టల్లో పక్క గదిలో ఉన్న సీనియర్ నిరుటి ప్రిలిమ్స్ రాసి వచ్చి, ఏ టాపిక్ మీద ఎంత లోతుగా అడిగారో రాత్రి భోజనాల దగ్గర చెప్పే వాతావరణంలో. కేరళ, ఒడిశా, బెంగాల్ విద్యార్థులు ఒకే పరీక్షకు చదువుతుంటే మీరు కూడా చదువుతారు, పైగా ఇంగ్లీషులో రాయడం, వాదించడం అలవాటవుతుంది. మన పిల్లలకు సబ్జెక్టు తక్కువై ఇంటర్వ్యూలో మార్కులు పోవడం నేను అరుదుగా చూశాను. తెలిసిన విషయాన్ని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలుగా చెప్పలేక పోగొట్టుకోవడం తరచుగా చూశాను.

భాష, భోజనం, దూరం గురించి మీరు ఎక్కువగా భయపడుతున్నట్లు రాశారు. మొదటి సెమిస్టర్ కష్టంగానే ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. కడప నుంచి రైలులో చెన్నై చేరితే, అక్కడి నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా పుదుచ్చేరి వెళ్లే బస్సులు కాలాపేట మీదుగానే వెళతాయి. ఇంతకంటే దీని మీద ఆలోచించవలసినది లేదు.

ఆడపిల్లకు ఈ ఫీల్డు పనులు, గనులు ఏమిటని మీ బంధువులు అడుగుతున్నారన్నారు. వారికి ఒక విషయం చెప్పండి. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ తర్వాత, భూగర్భ గనుల్లో కూడా సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ బాధ్యతల్లో మహిళలు ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు పనిచేసే వీలు కలిగింది. అందుకు వారి రాతపూర్వక అంగీకారం ఉండాలని అప్పుడు షరతు పెట్టారు. అంతకుముందు గనుల చట్టం వారిని భూగర్భంలో పనికి అనుమతించేది కాదు. నా తరంలో ఫీల్డు క్యాంపులో మహిళ కనిపించడమే అరుదు, నేను రిటైరయ్యేనాటికి క్యాంపు నడిపించే మహిళలను చూశాను. కాబట్టి ఆ ప్రశ్నను ఈ రెండు విశ్వవిద్యాలయాల ఎంపికతో కలపకండి. కడపలో చదివినా అదే ఉద్యోగం, అదే ఫీల్డు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇక్కడ నేను గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే ఒక మంచి విద్యార్థి చదువు మధ్యలో ఆగిపోవడం చూశాను. పేరున్న సంస్థలో సీటు వచ్చిందని, ఊళ్లో వడ్డీకి తెచ్చి చేర్పించారు. రెండో సెమిస్టర్ నాటికి వడ్డీయే మెడకు చుట్టుకుని, ఆ అబ్బాయి తిరిగి వచ్చి సిమెంటు లోడింగ్ దగ్గర సూపర్‌వైజర్‌గా చేరాడు. డిగ్రీ లేదు, అప్పు మిగిలింది. అతను ఇక్కడే చేరి ఉంటే ఈపాటికి ఎం.ఎస్సీ. పూర్తయ్యేది.

కాబట్టి ట్యూషన్ ఫీజు ఒక్కటే చూసి లెక్క వేయకండి. హాస్టల్, మెస్, రాకపోకలు, ఫీల్డు ఖర్చు, ఒక మామూలు ల్యాప్‌టాప్ కలిపి రెండేళ్లకు ఎంతవుతుందో కాగితం మీద రాసి నాన్నగారి ముందు పెట్టండి. మన రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అర్హతను బట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే అవకాశం ఉంటుంది, రాష్ట్రం బయటికి వెళితే ఆ లెక్క మారుతుంది. మీ సామాజిక వర్గానికి, ఆదాయానికి ఏ ఉపకార వేతనం రెండు చోట్లా వర్తిస్తుందో కడప కలెక్టరేట్‌లోని సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి, ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడకండి.

కొరత పడితే బ్యాంకు విద్యారుణం వేరు, బయటి అప్పు వేరు అన్నది గుర్తుంచుకోవాలి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, జాబితాలో ఉన్న ఉన్నత విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు గానీ హామీదారు గానీ లేకుండా రుణం ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఆ జాబితాలోకి వస్తాయి. ఏడాదికి ₹8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు, ₹10 లక్షల వరకు రుణంపై, చదువుతున్న కాలంతో కూడిన మారటోరియం (వాయిదాలు కట్టనవసరం లేని గడువు) సమయంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఈ రాయితీ ఏటా పరిమిత సంఖ్యలోనే ఇస్తారు కాబట్టి వస్తుందనే ధీమాతో కాక, రాకపోయినా వడ్డీ కట్టగలమా అని చూసుకుని తీసుకోండి. ఎం.ఎస్సీ. జియాలజీకి పది లక్షలు అవసరం పడదు. అవసరమైనంతే తీసుకోవాలి.

ఇవన్నీ చూసిన తర్వాత కూడా లెక్క కుదరకపోతే, వేమనలో చేరండి, చేరి దిగులు పడకండి. ఈ దారిలో వెళ్లి బాగుపడినవారు నాకు తెలుసు. రాజంపేట వైపు అబ్బాయి ఒకడు ఇక్కడే ఎం.ఎస్సీ. చేస్తూ, ప్రతి ఆదివారం ఒక నోటుపుస్తకంతో పాపాఘ్ని లోయలో నడిచేవాడు. గువ్వలచెరువు ఘాటు రోడ్డు పక్కన తెగిన కొండను మీటరు మీటరుకు కొలిచి సెక్షన్ గీశాడు. ఇంటర్వ్యూలో బోర్డు సభ్యుడు ఆ పుస్తకం తెరిచి అడిగిన ప్రశ్నలన్నీ ఆ సెక్షన్ మీదే, ఆ ప్రశ్నలకు దేశంలో అతనికంటే బాగా జవాబు చెప్పగలవారు లేరు. ఉద్యోగం వచ్చింది. అయితే ఇక్కడ చదివేవారు రెండు లోట్లను తామే పూడ్చుకోవాలి. మొదటిది, బయటి శిలలు: వేసవి సెలవుల్లో అరియలూరుకో, గోండ్వానా శిలలున్న గోదావరి లోయకో నలుగురు స్నేహితులు కలిసి సొంతంగానైనా వెళ్లి రావాలి. రెండోది, పోటీ వాతావరణం: చేరిన నెలలోనే గేట్, నెట్ లక్ష్యంగా ఉన్న నలుగురైదుగురిని కూడగట్టుకుని, వారానికి ఒకరు ఇంగ్లీషులో ఒక అంశం బోధించే ఏర్పాటు చేసుకోవాలి.

మీకు ఇంకా నాలుగు రోజుల సమయం ఉందన్నారు కాబట్టి, రెండు డిపార్ట్‌మెంట్లకూ ఫోన్ చేసి ఒకే ప్రశ్నలు అడగండి. రెండేళ్లలో మొత్తం ఎన్ని రోజులు ఫీల్డులో గడుపుతారు, ఆ ఖర్చు ఎవరిది? పోలరైజింగ్ మైక్రోస్కోపు ఒక్కొక్కటి ఎంతమంది పంచుకుంటారు? థిన్ సెక్షన్‌ను (మైక్రోస్కోపులో చూసే పలుచని రాతి పొరను) విద్యార్థే అరగదీసి తయారుచేస్తారా, తయారైనవే చూస్తారా? డిసర్టేషన్ ఒక పూర్తి సెమిస్టరా, ఒక నెలలో ముగిసే నామమాత్రపు ప్రాజెక్టా? రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమంది, గెస్ట్ లెక్చరర్లు ఎంతమంది? చివరి ప్రశ్న ముఖ్యమైనది, ఎందుకంటే మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి ఉన్న సమస్య. దానికి అక్కడున్న అధ్యాపకులు బాధ్యులు కారు, కానీ ఫలితాన్ని అనుభవించేది మీరు. ఆఫీసువారు చెప్పే జవాబుతో ఆగిపోకుండా, రెండో సంవత్సరం చదువుతున్న ఒక్క విద్యార్థితోనైనా మాట్లాడండి. నిరుటి బ్యాచ్‌లో ఎవరెవరు ఎక్కడ ఉన్నారో వారికి తెలిసినంత బాగా ఏ బ్రోచర్‌కూ తెలియదు. ఈ జవాబుల్లో ఫీల్డు రోజులు, డిసర్టేషన్ కడపలో స్పష్టంగా మెరుగ్గా ఉన్నాయని తేలితే, నా సలహాను పక్కన పెట్టి ఇక్కడే చేరండి. ఫీల్డు లేని జియాలజీ డిగ్రీకి ఏ పేరూ బలం ఇవ్వదు.

సీటు వదులుకునే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది అనవసరంగా నష్టపోతారు. ఒకచోట ఫీజు కట్టామని, అది పోతుందన్న భయంతో ఇష్టం లేని చోట ఉండిపోకండి. చేరిన విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. పరిశీలించి తిరిగి ఇచ్చేయాలి. 2024-25 విద్యా సంవత్సరానికైతే సెప్టెంబరు 30 లోపు రద్దు చేసుకున్నవారికి పూర్తి ఫీజు, అక్టోబరు 31 లోపు అయితే ₹1,000కు మించకుండా మినహాయించి మిగతాది వెనక్కి ఇవ్వాలని యూజీసీ చెప్పింది. మీరు చేరే సంవత్సరానికి ఆ తేదీలు ఏమిటో యూజీసీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. రద్దు కోరుతూ ఉత్తరం ఇచ్చేటప్పుడు నోటిమాటతో సరిపెట్టకుండా, ఒక ప్రతి మీద స్వీకరించినట్లు ముద్ర, తేదీ వేయించుకోండి. ఈమెయిల్ కూడా పంపండి.

టీసీ మాత్రం ఒకటే ఉంటుంది, దానిని తొందరపడి ఇవ్వకండి. పుదుచ్చేరిలో హాస్టల్ గది ఖరారైనట్లు రాతపూర్వకంగా తెలిసిన తర్వాతే కడప సీటు రద్దుకు దరఖాస్తు పెట్టండి. హాస్టల్ దొరక్క బయట గది తీసుకోవలసి వస్తే మీ ఖర్చు లెక్క మొత్తం మారిపోతుంది, అప్పుడు ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి వేయాలి. రాష్ట్రం మారుతున్నారు కనుక డిగ్రీ చదివిన విశ్వవిద్యాలయం నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. దానికి ఈ రోజే దరఖాస్తు చేయండి, వారం పట్టినా ఆశ్చర్యం లేదు.